పెంపుడు నత్తకు ఎన్ని నీళ్లు? భిలాయిలో జవాబు వేరు

భిలాయిలో తొలకరి పడిన మర్నాటి ఉదయం క్వార్టర్ల ప్రహరీ గోడల మీద వెండి గీతల్లాంటి చారలు కనిపిస్తాయి. వేసవి అంతా ఎక్కడ దాక్కున్నాయో తెలియని నత్తలు ఒక్క వానకే బయటికొచ్చి, రాత్రంతా తిరిగి, తెల్లారేసరికి పూలకుండీల అడుగుకు చేరతాయి. పిల్లల కంట పడేది అప్పుడే. ఒక ప్లాస్టిక్ డబ్బా, దాని మూతకు నాలుగు చిల్లులు, రెండు పాలకూర ఆకులు, పైన ఓ గ్లాసుడు నీళ్లు. నత్త పెంపకం మొదలైపోయినట్టే.

ఇందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. జీవశాస్త్రం మీద ఇష్టం చాలామందికి ఇలాంటి డబ్బాలతోనే మొదలవుతుంది. కానీ ఆ డబ్బాలో నత్తకు రెండు రకాల చావులు పొంచి ఉంటాయి. ఒకటి ఎండిపోవడం, రెండోది నీళ్లలో ఊపిరాడకపోవడం. రెండింటికీ కారణం నిర్లక్ష్యం కాదు. ‘నత్తకు రోజుకు ఎన్నిసార్లు నీళ్లు చల్లాలి?’ అని అడగడమే అసలు పొరపాటు. ఆ ప్రశ్నకు ఏడాది పొడవునా చెల్లే జవాబు భిలాయిలో లేదు.

నత్తలను పెంచే సరదా బాగా పాతుకున్నది బ్రిటన్, జర్మనీ వంటి చలి దేశాల్లో. అక్కడివాళ్లు రాసిన సూచనల్లో రోజూ ఒకటి రెండుసార్లు డబ్బాలో నీళ్లు చల్లాలనే మాట తరచుగా కనిపిస్తుంది. అక్కడి ఇళ్లకు అది సబబే. చలికాలంలో హీటర్ల వల్ల గదిలో గాలి పొడిబారుతుంది, ఉష్ణోగ్రత మాత్రం ఏడాదంతా ఇరవై డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది. భిలాయి సంగతి వేరు. మే నెలలో వడగాలి వీస్తుంది, పాదరసం 45 డిగ్రీలను తాకే రోజులూ ఉంటాయి. జూన్ మధ్యలో రుతుపవనాలు వచ్చాక గోడలకే చెమ్మ పడుతుంది. డిసెంబరు రాత్రులు చల్లగా, పొడిగా గడుస్తాయి. ఒకే ఊరు, మూడు వాతావరణాలు. చలి దేశం సూచనను అలాగే పాటిస్తే ఆగస్టులో నత్త మునుగుతుంది, మేలో దానికి ఆ నీళ్లు ఏ మూలకూ చాలవు.

ఎంత తేడానో చిన్న లెక్క చెబుతుంది. 25 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న వానాకాలపు రాత్రిని తీసుకుందాం. ఆ గాలి తనలోకి ఇంకా ఎంత ఆవిరిని తీసుకోగలదో ఆవిరి పీడనంలో లెక్కిస్తే లోటు సుమారు 0.6 కిలోపాస్కల్ వస్తుంది. 42 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న వేసవి మధ్యాహ్నానికి అదే లెక్క వేస్తే లోటు 6.5 కిలోపాస్కల్ దాటుతుంది. అంటే పదింతలు. గాలికి దాహం పదింతలైతే నత్త ఒంట్లోంచి నీరు ఆవిరయ్యే వేగం కూడా దాదాపు అలాగే పెరుగుతుంది. వానాకాలంలో ఆరు గంటలు తడిగా ఉండే గుడ్డ ఎండాకాలంలో అరగంటకే ఆరిపోవడం ఏ ఇంట్లోనైనా చూసేదే.

పురుగుల ఒంటికి మైనపు పూత ఉంటుంది. మనిషికి మందపాటి చర్మం ఉంది. నత్తకు ఈ రెండూ లేవు. గుల్ల బయట ఉన్న దాని శరీరమంతా తడి చర్మమే, నీరు అటూ ఇటూ సులువుగా దాటిపోతుంది. పైగా నడవాలంటే జిగురు కావాలి. ఆ జిగురులో చాలా మటుకు నీరే. అంటే నత్త వేసే ప్రతి అడుగూ నీటి ఖర్చే. ‘నత్తనడక’ అని వెక్కిరిస్తాం గానీ, పొడి నేల మీద ఆ నడక కూడా దానికి ఖరీదైనదే. ఊపిరి తీసుకున్నా ఖర్చే. గుల్ల అంచు దగ్గర తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపించే చిన్న రంధ్రం నుంచి గాలి లోపలికి పోతుంది, ఆవిరి బయటికి వస్తుంది. ఈ ఖర్చులన్నీ ఉన్నాయి కాబట్టే నత్త మరోచోట పొదుపు నేర్చింది. మనిషి వ్యర్థాలను మూత్రంగా, బోలెడు నీటితో కలిపి వదిలేస్తాడు. నేల మీది నత్త వాటిని ఎక్కువగా యూరిక్ ఆమ్లంగా, దాదాపు ముద్దగా మార్చి, అవసరమైతే నెలల తరబడి మూత్రపిండంలోనే దాచుకుంటుంది.

ఇక తాగడం. నత్త నోటితోనూ నీళ్లు తాగుతుంది. కానీ అంతకంటే ఆసక్తికరమైనది దాని పాదం చేసే పని. 1980లలో డేవిడ్ ప్రయర్ అనే జీవశాస్త్రవేత్త నత్తకు దగ్గరి చుట్టమైన, గుల్ల లేని స్లగ్ మీద ప్రయోగాలు చేశారు. ఒళ్లెండిన స్లగ్‌కు తడి నేల దొరికితే అది పాదాన్ని బల్లపరుపుగా పరిచి కదలకుండా ఉండిపోతుంది. పాదం చర్మంలోంచే నీరు లోపలికి ఇంకుతుంది. ఒంట్లో చాలినంత నీరు చేరగానే లేచి వెళ్లిపోతుంది. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో దాని రక్తం గాఢతే చెబుతుంది. ఒళ్లెండని స్లగ్‌కు రక్తం గాఢత పెరిగేలా ద్రావణం ఎక్కించినా అది వెళ్లి తడి మీద పాదం పరిచింది.

పెంపకం దారులు ఆలోచించాల్సింది ఇక్కడే. ఎంత నీరు కావాలో నత్తకు కచ్చితంగా తెలుసు. తనకు కావలసినంత తీసుకుని పక్కకు తప్పుకునే చోటు మాత్రం ఉండాలి. డబ్బా అంతా తడిగా ఉంటే తప్పుకునే చోటు ఉండదు. అంతా పొడిగా ఉంటే తీసుకునే చోటు ఉండదు. కాబట్టి కొలవాల్సింది స్ప్రే సీసాలోని నీటిని కాదు. డబ్బాలో ఒక మూల తడి, ఇంకో మూల పొడి ఉన్నాయా అన్నదే చూడాలి. ఖరీదైన సామాను ఏదీ అక్కర్లేదు. నాలుగు అంగుళాల మట్టి, ఒక పక్క మాత్రమే తడపాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి గానీ నీరు కారకూడదు. ఆ తడి పక్కన ఒక కుండ పెంకును బోర్లించాలి. పొడి పక్కన ఎండుటాకులు పరచాలి. తాగడానికి నూనె తగలని కొత్త ప్రమిద చాలు. అంతకంటే లోతైన గిన్నె పెడితే చిన్న నత్త మునిగిపోవచ్చు. మూతకు నాలుగు చిల్లులు చాలవు. గాలి ధారాళంగా ఆడేలా పలుచటి జాలీ గుడ్డ కట్టాలి.

వానాకాలంలో భిలాయి ఇళ్లలో ఎక్కువగా జరిగేది అతి మేలు. గాలిలోనే 80, 90 శాతం తేమ ఉన్న రోజున ప్లాస్టిక్ డబ్బాలో మళ్లీ నీళ్లు చల్లితే మట్టి బురదవుతుంది, ఆకులు కుళ్లుతాయి, అడుగున గాలి ఉండదు. నత్త ఎక్కి మూతకు అతుక్కుంటుంది. ‘ఆడుకుంటోంది’ అని పిల్లలు మురిసిపోతారు. పాపం, అది కింద నిలవలేక పైకి వచ్చి ఉండవచ్చు. ఒళ్లు ఉబ్బినట్టు ఉండి, ముట్టుకున్నా గుల్లలోకి చప్పున ముడుచుకోకపోతే నీరు ఎక్కువైందనే అనుకోవాలి. మట్టి మార్చి, మూత తీసి గాలి తగలనివ్వాలి. జూలై, ఆగస్టుల్లో చాలా రోజులు ఏమీ చల్లకుండా వదిలేయడమే సరైన సంరక్షణ. పెంచేవాళ్లకు ఒప్పుకోవడం కష్టమైన మాటే అయినా నిజం అదే.

ఎండాకాలం ఇందుకు తలకిందులు. ఒళ్లెండిన నత్త గుల్లలోకి బాగా లోపలికి పోతుంది, జిగురు చిక్కబడుతుంది, బరువు తగ్గి చేతిలో తేలిగ్గా అనిపిస్తుంది. శరీర బరువులో సగం దాకా నీరు పోయినా తేరుకోగల జాతులున్నాయి కాబట్టి వెంటనే ఆశ వదులుకోనక్కర్లేదు. అయితే నీళ్లలో ముంచడం పనికిరాదు. తడి గుడ్డ మీద ఉంచి, నీడలో వదిలేస్తే మిగతాది పాదం చూసుకుంటుంది. పిల్ల నత్తల విషయంలో మాత్రం ఇంత వ్యవధి ఉండదు. ఒంటి పరిమాణంతో పోలిస్తే చర్మం వైశాల్యం వాటికి ఎక్కువ కాబట్టి పెద్దవాటికంటే చాలా త్వరగా ఎండిపోతాయి.

గది సంగతి కూడా తేలిగ్గా తీసుకోకూడదు. భిలాయిలో వేసవి అంటే కూలర్ల కాలం. తడి గడ్డి మీదుగా గాలిని లాగే కూలర్ గదికి చల్లదనంతో పాటు తేమనూ ఇస్తుంది. ఏసీ అందుకు విరుద్ధంగా గాలిలోని ఆవిరిని నీటిగా మార్చి గొట్టంలోంచి బయటికి పంపేస్తుంది. మనుషులకు రెండూ చల్లగానే ఉంటాయి. నత్తకు మాత్రం కూలర్ ఉన్న గది నయం, అదీ గాలి నేరుగా డబ్బా మీద కొట్టకుండా ఉంటే. గాలి జోరు ఎంత ఉంటే ఆరడం అంత వేగంగా ఉంటుంది. గదిలో తేమ ఎంతో తెలుసుకోవడానికి బడిలో ఉండే రెండు థర్మామీటర్లు చాలు. ఒకదాని బల్బుకు తడి గుడ్డ చుట్టి రెండింటి తేడా చూడాలి. తేడా ఎంత ఎక్కువ ఉంటే గాలి అంత పొడి. ఏడో తరగతి పిల్లలు చేయగలిగే పని ఇది.

మే నెలలో నత్త గుల్ల నోటికి పలుచటి తెర కట్టుకుని కదలడం మానేస్తే కంగారు పడేవాళ్లే ఎక్కువ. చచ్చిపోయిందని కొందరు పారేస్తారు, దాహంతో ఉందని కొందరు రోజూ నీళ్లు కొట్టి లేపుతారు. రెండూ తప్పే. అది గ్రీష్మకాల సుప్తావస్థ. ఆరిన జిగురుతో, కొన్ని జాతుల్లో సున్నం కలిసిన జిగురుతో నత్త తలుపు బిడాయించుకుంటుంది. గుండె వేగం, ఊపిరి, ఆకలి అన్నీ తగ్గిపోతాయి. అలా ఎంతకాలం ఉండగలదో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో జరిగిన ఒక సంఘటన చూపించింది. ఈజిప్టు ఎడారి నుంచి వచ్చిన ఒక నత్తను ఉత్త గుల్లే అనుకుని 1846 మార్చిలో అట్టముక్కకు అతికించి ప్రదర్శనకు పెట్టారు. 1850 మార్చిలో ఆ అట్ట మీద జిగురు మరక కనిపించి ఎవరికో అనుమానం వచ్చింది. గోరువెచ్చటి నీళ్లలో పెడితే నత్త తల బయటపెట్టింది. నాలుగేళ్లు తిండీ నీరూ లేకుండా గడిచిపోయాయి! ఆ తర్వాత కూడా రెండేళ్లు బతికింది.

అది ఎడారి జాతి. భిలాయి తోటల్లోని నత్త నాలుగేళ్లు ఉండగలదని దీనికి అర్థం కాదు. ఇక్కడి పొడికాలం దాటేంతవరకు నిద్రపోవడం మాత్రం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. నిద్రలేవడానికీ, మళ్లీ తెర కట్టుకోవడానికీ దాచుకున్న నీటినీ శక్తినీ ఖర్చు చేయాలి. రోజూ నీళ్లు చల్లి లేపితే రోజూ ఆ ఖర్చే. పడుకున్న నత్తను మట్టిలో కొంత కూరుకుపోనిచ్చి, డబ్బాను ఇంట్లో అన్నిటికంటే చల్లటి మూలన పెట్టి, అడుగు మట్టికి ఒక పక్క మాత్రం చెమ్మ ఉంచి వదిలేయాలి. మంచినీళ్ల కుండను ఇసుక మీద పెట్టినట్టే, ఒక మట్టి కుండలో డబ్బాను దించి చుట్టూ ఇసుక తడిపితే ఇంకా మంచిది. వారానికోసారి చూస్తే చాలు. రెండు వారాలకోసారి తూకం వేసి రాసుకుంటే, నిద్ర సవ్యంగా సాగుతోందో, ఎండిపోతోందో అంకెలే చెబుతాయి. గుల్లలోంచి దుర్వాసన వస్తే తప్ప చచ్చిపోయిందనుకోకూడదు.

ఏ నీళ్లు పోయాలన్నది మరో ప్రశ్న. కుళాయి నీళ్లను వెడల్పాటి పాత్రలో ఒక రాత్రి ఉంచితే క్లోరిన్ వాసన చాలావరకు పోతుంది. అయితే ఆ పాత్ర రాగిది కాకూడదు. రాత్రి రాగి చెంబులో పోసి పొద్దున్నే తాగే అలవాటు చాలా తెలుగు ఇళ్లలో ఉంది. మనుషుల సంగతి ఎలా ఉన్నా, నత్తజాతికి రాగి పడదు. రైతులు మైలుతుత్తమనే కాపర్ సల్ఫేట్‌ను నత్తల మందుగా వాడేది అందుకే. చెంబులోంచి నీటిలో కలిసే రాగి కొంచెమే కావచ్చు. చర్మంతో నీళ్లు తాగే జీవి దగ్గర ఆ ప్రయోగం చేయాల్సిన పనిలేదు. ఉప్పు తగిలిన కూర ముక్కలు కూడా పెట్టకూడదు. ఉప్పు నత్త ఒంట్లోని నీటిని బయటికి లాగేస్తుంది. నీటిని లోపల నిలిపి ఉంచేది గుల్ల కాబట్టి దానికి కావలసిన సున్నం కూడా డబ్బాలో ఉండాలి. కోడిగుడ్డు పెంకులు కడిగి, ఎండబెట్టి, పొడి చేసి వేస్తే సరిపోతుంది. దుర్గ్ జిల్లా నందినీ గనుల నుంచి భిలాయి ఉక్కు కర్మాగారానికి వెళ్లే సున్నపురాయిలో ఉన్నదీ ఇదే కాల్షియం కార్బొనేట్. కొలిమిలో ఇనుప ఖనిజంలోని మలినాలను విడదీసే పదార్థమే నత్త వీపున ఇల్లు కడుతుంది.

ఇదంతా చేసే ముందు చేతిలో ఉన్న నత్త ఏదో తెలియాలి. ఛత్తీస్‌గఢ్ వరి పొలాల్లో, చెరువుల్లో దొరికే ‘ఘోంఘీ’ నేల నత్త కాదు. గుల్ల నోటికి గట్టి మూత శాశ్వతంగా ఉంటే అది నీటి నత్త. దానికి మొప్ప, ఊపిరితిత్తి రెండూ ఉంటాయి. దాన్ని మట్టి డబ్బాలో పెడితే, నేల నత్తను నీళ్ల తొట్టిలో వేసినంత తప్పు. నేల నత్తకు ఆ మూత ఉండదు, నిద్రపోయేటప్పుడు కట్టుకునే తెర మాత్రమే ఉంటుంది.

గుల్ల కోన్‌లా పొడవుగా, గోధుమరంగు చారలతో, పిల్లవాడి పిడికిలంత పెరిగేది కనిపిస్తే అది ఆఫ్రికా రాక్షస నత్త కావచ్చు. ఈ దేశానికి దాన్ని తెచ్చింది నత్తలంటే ప్రాణం పెట్టే మనిషే. నత్తల శాస్త్రంలో పేరున్న విలియం బెన్సన్ 1847లో మారిషస్ నుంచి కొన్నింటిని కలకత్తాకు తెచ్చారు. చౌరంఘీలోని ఒక తోటలో వదిలిన ఆ కొద్ది నత్తల నుంచే తర్వాత వ్యాప్తి మొదలైంది. ఇప్పుడు బెంగాల్, ఒడిశా, కేరళతో సహా అనేక రాష్ట్రాల్లో అది పంటలకు పెద్ద తెగులు. ప్రపంచంలోని నూరు దుష్ట ఆక్రమణ జాతుల జాబితాలో దానికి చోటుంది. అమెరికాలోని మయామీకి 1966లో ఒక పిల్లవాడు హవాయి నుంచి మూడు నత్తలు తెచ్చుకున్నాడు. వాటిని ఇంటి తోటలో వదిలేశారు. ఏడేళ్లకు అవి వేల సంఖ్యకు చేరాయి. వాటిని ఏరివేయడానికి 1975 దాకా పట్టింది. బాగా నీళ్లు పెట్టి, బాగా చూసుకునే ఇంట్లో ఈ జాతి ఒక్కో విడతకు వందకు పైగా గుడ్లు పెట్టగలదు. అందుచేత ఈ ఒక్క నత్త విషయంలో మంచి సంరక్షణ కూడా ప్రమాదమే. దాన్ని పెంచకూడదు, ఊరు దాటించకూడదు, జాలిపడి తోటలో వదలకూడదు. దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రానికి చెప్పాలి. ఎలుకల ఊపిరితిత్తుల పురుగు డింభకాలను మోసేది కూడా ఈ నత్తే. ఆ డింభకం మనిషి ఒంట్లోకి చేరితే మెదడు పొరల వాపు రావచ్చు. నిజానికి ఏ నత్తను ముట్టుకున్నా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. వట్టి చేత్తో జిగురు తుడిచి అదే చేత్తో తినకూడదు.

ఇన్ని చిక్కులుంటే అసలు పెంచడమే మానేయొచ్చు కదా అనేవాళ్లున్నారు. ఆ మాటలో బలం ఉంది గానీ, దానివల్ల పిల్లలు నత్తల్ని పట్టడం మానరు, పెద్దలకు చెప్పడం మాత్రం మానేస్తారు. అంతకంటే మేలైన దారి కాలపరిమితి పెట్టుకోవడం. స్థానిక తోట నత్తను తొలకరికి తెచ్చి వానాకాలం నాలుగు నెలలూ పెంచి, సెప్టెంబరు చివరిలోగా తిరిగి వదిలేయాలి. నవంబరు దాకా ఆగితే నేల గట్టిపడిపోతుంది, అది తవ్వుకుని దాక్కునే వ్యవధి ఉండదు. ఎక్కడ దొరికిందో ఆ గోడ వారనే, ఎండ తగ్గాక, వాన తడి ఇంకా ఆరని నేల మీద విడిచిపెట్టాలి. బడిలో పెంచితే తరగతికి ఒక డబ్బా, ఒక తూకం పుస్తకం చాలు. వేసవి సెలవులకు తాళం వేసిన గదిలో నత్తను వదిలి వెళ్లే పరిస్థితి అప్పుడు రాదు.